ఇరవైనాలుగు మూర్తులు, ఒక డబ్బా రంగు

ఆచమనవేళ మనం స్మరించే కేశవాది నామాలు ఇరవైనాలుగు. నిత్యం సంధ్యావందనం చేసే గృహస్థులకు అవి కంఠస్థమే. ఆ ఇరవైనాలుగు మూర్తులను శిలారూపంలో ఒక్కచోట దర్శించగోరేవారు నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్‌లోని మాధవస్వామి ఆలయానికి వెళ్లాలి. ఆలయం వెలుపలి గోడలపై చతుర్వింశతి మూర్తులు కొలువుతీరి ఉన్నారు. నిజానికి ఈ స్వామి తొలి నివాసం కొల్లాపూర్ కాదు. కృష్ణాతీరాన మంచాలకట్టలో పదహారవ శతాబ్దంలో నిర్మితమైన ఆలయమిది. శ్రీశైలం జలాశయం ఊళ్లను ముంచుతున్న కాలంలో దీనిని రాయి రాయిగా విప్పి, తెచ్చి, ఇక్కడ తిరిగి నిలిపారు.

విప్పిన ఆలయంలో దైవత్వం నిలుస్తుందా అన్న శంక కొందరికి కలుగుతుంది. మన ఆగమాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. జీర్ణోద్ధారణ సమయంలో మూర్తిలోని కళను కుంభంలోకి ఆకర్షించి, బాలాలయంలో నిలిపి, పనులు ముగిశాక మళ్లీ ప్రతిష్ఠించే విధానం అనాదిగా ఉన్నదే. కనుక తరలింపును అపచారంగా భావించనక్కరలేదు. ఈజిప్టులో నైలు నది ముంపునుంచి అబూసింబెల్ ఆలయాలను కోసి, పైకెత్తి, 1968 నాటికి తిరిగి నిలిపినప్పుడు లోకమంతా అబ్బురపడింది. మన కృష్ణాతీరంలో అంతకు ముందే నాగార్జునకొండ కట్టడాలను తరలించారు. ఆ తరువాత అలంపురం చేరిన కూడవెల్లి సంగమేశ్వరుడు, సోమశిలలో ఎత్తైన చోటికి తరలిన లలితా సోమేశ్వరుడు, జటప్రోలు మదనగోపాలుడు, మన మాధవుడు, అందరూ ఈ కోవలోనివారే. ఇంతమంది దేవుళ్లను వెంటబెట్టుకుని ఒడ్డుకు చేరిన ప్రాంతమిది. శిల్పులు, ఇంజనీర్లు, పురావస్తు శాఖవారు నాడు పడిన శ్రమకు నమస్కరించవలసిందే.

నా ఆందోళన నాటి నీటిని గురించి కాదు, నేటి భక్తిని గురించి. చతుర్వింశతి మూర్తుల రహస్యమంతా చేతులలో ఉంది. నాలుగు చేతులు, శంఖం, చక్రం, గద, పద్మం అనే నాలుగు ధారణలు. వాటిని ఎన్ని వరుసలలో మార్చవచ్చునో లెక్కకడితే సరిగ్గా ఇరవైనాలుగు వస్తాయి. అగ్నిపురాణం చెప్పే వరుసలో పద్మ శంఖ చక్ర గదలు ధరించినవాడు కేశవుడు. శంఖ పద్మ గదా చక్రాలు ధరించినవాడు నారాయణుడు. పేరును నిర్ణయించేది ఆ వరుసే. ఇట్టి మూర్తిపై దట్టంగా ఎనామిల్ రంగు పూశామనుకోండి. శంఖం అంచులు పూడిపోతాయి, పద్మం రేకులు కలిసిపోతాయి. చేతిలో ఉన్నది ఏదో తెలియనప్పుడు ఎదుట నిలిచినది ఎవరో తెలియదు. ఒక్క వేలు విరిగినా, ఒక్క ఆయుధం అరిగినా ఒక నామం గోడమీదనుంచి చెరిగిపోయినట్లే.

రంగు వేయించే దాత దుర్మార్గుడు కాడు. స్వామికి కొత్త బట్టలు పెట్టినంత సంబరంగా వేయిస్తాడు. శాసనాలున్న రాతిపై నూనె దీపాలు, స్తంభాలకు మేకులు, గర్భగుడి ముందు స్నానాల గది టైల్స్, చెక్కడాలపై ఇసుక చిమ్మి శుభ్రం చేయడం: ఇవన్నీ సేవ పేరిటే సాగుతున్నాయి. పాతరాయికి శ్వాస కావాలి; సిమెంటు, రంగు దాని రంధ్రాలను మూస్తే లోపలి చెమ్మ బయటకు రాలేక రాయి పొరలు పొరలుగా లేస్తుంది. (ఈ మాట స్థపతులను అడిగినా చెబుతారు, కాని చందా పోగయ్యాక స్థపతిని అడిగేదెవరు?)

చట్టం లేకపోలేదు. 1958 నాటి కేంద్ర చట్టం, 2017లో తెలంగాణ తెచ్చుకున్న వారసత్వ చట్టం ఉన్నాయి. కాని చట్టం పురావస్తు శాఖను రాతికి కాపలా పెడుతుంది; పూజ దేవాదాయ శాఖ చూసుకుంటుంది. ఈ ఇద్దరి నడుమ రంగు డబ్బా సులువుగా లోపలికి వస్తుంది. పైగా కృష్ణా పుష్కరాలు 2016 తరువాత మళ్లీ 2028లో రానున్నాయి. పుష్కరాలంటే ఘాట్లు, సున్నాలు, దీపాలంకరణ, టెండర్లు. ముంపునుంచి బయటపడిన ఆలయాలకు ముస్తాబు గండం అదే సమయంలో పొంచి ఉంది.

ఇంకొక లోటు కూడా ఉంది. క్షేత్రానికి మూర్తి, స్థలం, తీర్థం అని మూడు మహిమలు చెబుతారు. మూర్తిని తెచ్చుకున్నాం; స్థలం నీటి అడుగున ఉండిపోయింది. ఆవలి ఒడ్డున సప్తనదీ సంగమేశ్వరుడు మాత్రం కదలలేదు. వేపదారు లింగంతో ఏటా నెలల తరబడి మునిగి ఉండి, వేసవిలో నీరు తగ్గినప్పుడు దర్శనమిస్తాడు. భక్తులు ఆయన కోసం పంచాంగంతోపాటు జలాశయం మట్టాన్నీ చూసుకుంటారు. ఆయన స్థలం మనకు తెలుసు. మంచాలకట్టలో మాధవుడు నిలిచిన చోటును వేలెత్తి చూపగలవారు నేడు వృద్ధులు. ముంపు జరిగి నలభై ఏళ్లు దాటింది.

అందుచేత పుష్కర పనులకు సంతకాలు పడకముందే కొల్లాపూర్ పెద్దలు రెండు శాఖల అధికారులను ఒకేచోట కూర్చోబెట్టాలి. ఏ గోడకు రంగు తగలరాదో వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇరవైనాలుగు మూర్తుల కింద, రాతిని తాకకుండా, ఎవరు ఎవరో తెలిపే ఫలకాలు అమర్చాలి. ఆలయ ప్రాంగణంలో పాత ఊరి పటం ఒకటి ఉండాలి. అందులో స్వామి గుడి, రేవు, రథవీధి ఎక్కడెక్కడ ఉండేవో చెప్పగలిగిన ముసలివారిని ఈ కార్తీకంలోనే పిలిపించి, వారు చెబుతుండగా గీయించాలి.