నువ్వుగింజంత నేస్తాలు

మా ఇంటి మందారానికి పిండినల్లి పట్టిందని సబ్బునీళ్లతో తెగ కడిగేశాను. తీరా చూస్తే, కొట్టుకుపోయిన తెల్లటి వాటిలో కొన్ని చకచకా నడుస్తున్నాయి! అవి పిండినల్లి కాదు, దాన్ని తినడానికొచ్చిన అక్షింతల పురుగు పిల్లలు.

అక్షింతల పురుగంటే మనకు ఎర్రటి వీపూ నల్ల చుక్కలే గుర్తొస్తాయి. ఆ కుటుంబంలోనే నువ్వుగింజంత పురుగులూ ఉన్నాయి. వాటిలో 'స్కిమ్నస్' రకాలు రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు. వాటి పిల్లలు ఒంటినిండా తెల్లటి మైనంతో అచ్చం పిండినల్లిలా ఉంటాయి. అమరావతి వైపు పత్తిచేలో కనిపించినా మందు కొట్టేస్తాం... శత్రువుతోపాటు మిత్రుడూ చచ్చిపోతాడు.

పెద్దయ్యాక వీటిని గుర్తుపట్టడం శాస్త్రవేత్తలకే పరీక్ష. ఒకే జాతిలోనూ రంగు మారుతుంటుంది మరి! అందుకే సూక్ష్మదర్శిని కింద వెల్లకిలా ఉంచి చూస్తారు. మీసంలో కణుపులెన్నో లెక్కపెడతారు. వెనక కాళ్ల దగ్గర, పొట్ట మొదటి పలక మీద విల్లులాంటి సన్నని గీత ఉంటుంది. అది పూర్తిగా చుట్టి వచ్చిందా, మధ్యలోనే ఆగిందా అన్నదీ ముఖ్యమే. అప్పటికీ తేలకపోతే మగ పురుగు జననాంగాన్ని విడదీసి పరిశీలిస్తారు. దాని ఆకారం జాతికో తీరుగా ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకంటారా? వంగ ఆకుల్ని జల్లెడ చేసే ఇరవై ఎనిమిది చుక్కల పురుగునూ మనం అక్షింతల పురుగనే అంటాం. ఆకు తినేదానికి దవడ నిండా పళ్లు, వేటాడేదానికి కొనదేలిన కోర. పేరొకటే, పని వేరు.

ఎవరు ఏం తింటారో తెలియడమూ అంతే ముఖ్యం. 1898లో కాఫీ మొక్కల్ని పట్టిన ఆకుపచ్చ పొలుసు పురుగు పని పట్టడానికి ఆస్ట్రేలియా నుంచి 'క్రిప్టోలేమస్' అనే చిన్న అక్షింతల పురుగును మనదేశానికి తెచ్చారు. ఆ పని దానివల్ల కాలేదు. పిండినల్లిని మాత్రం భేషుగ్గా తింటుంది! అందుకే దాన్ని ప్రయోగశాలల్లో పెంచి మరీ తోటల్లో వదులుతున్నారు.

ఈసారి మందు డబ్బా తీసేముందు ఆ తెల్లటి పురుగును పుల్లతో కదిపి చూడండి. బద్ధకంగా అక్కడే ఉంటే పిండినల్లి. చకచకా పరిగెడితే మీ నేస్తం. ఎటూ తేలకపోతే ఆకుతో సహా సీసాలో వేసి, గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలోని లాం పరిశోధన స్థానంలో చూపించండి. మా మందారాన్ని మాత్రం ఇప్పుడు నేను కడగడం లేదు.