అక్షరమునకు ముందు చెవి

బాలుని విద్య పలకతో మొదలగునని మన నమ్మకము. అక్షరాభ్యాసమునకు ముహూర్తము పెట్టుదుము. బియ్యములో వ్రేలు పట్టి దిద్దింతుము. మఱునాటి నుండి ఓనమాలు, గుణింతములు, ఒత్తులు. అది మంచి యాచారమే. కాని కంటికిని చేతికిని ఇంత శ్రద్ధతో పని చెప్పు మనము, చదువునకు మూలమైన చెవికి ఏ పాఠమును చెప్పుట లేదు. అక్షరము ధ్వనికి గుర్తు. ధ్వనిని విడదీసి వినలేని శిశువునకు గుర్తును చూపినచో, అది దేనికి గుర్తో వాడెట్లు గ్రహించును? 'గంట' యన్నంతనే 'మంట, పంట, వంట' యని బదులు పలుకగల చెవిని ముందు సిద్ధపఱచి, పిదప పలకను చేతికీయవలయునని మా యభిప్రాయము. ఇది పిల్లల యాటలకు సంబంధించిన స్వల్పవిషయమని పాఠకులు త్రోసివేయకుందురు గాక. బడిలో చేరి మూడేండ్లు గడచినను తన భాషలో నొక వాక్యమును తడుముకొనక చదువలేని బాలుడు ఏ యూరనైనను కనబడుచున్నాడు. వాని కష్టమునకు మూలము కొంతవఱకు ఇచ్చటనే కలదు.

ఈ విద్యకు కావలసిన పెట్టుబడిని తెలుగు బిడ్డ బడికి వచ్చునాటికే యింటి నుండి తెచ్చుకొనుచున్నాడు. మూడేండ్ల బిడ్డ నోట 'పులీ గిలీ', 'పామూ గీమూ', 'చెట్టూ గిట్టూ', 'కూరా గీరా' యను మాటలు వినని తల్లి లేదు. వీనిని మనము అల్లరి మాటలుగా నెంచుదుము. కాని అందలి పనితనమును ఒకింత పరికింపుడు. బిడ్డ మాటలోని మొదటి యక్షరమును తీసివైచి, తక్కిన దానిని చెక్కుచెదరకుండ నిలిపి, తీసిన చోట మఱియొక ధ్వనిని చేర్చుచున్నాడు. అంతమాత్రమే కాదు, 'పులి'కి 'గిలి' యనును గాని 'గీలి' యనడు, 'పాము'నకు 'గీము' అనును గాని 'గిము' అనడు. హ్రస్వమునకు హ్రస్వమును, దీర్ఘమునకు దీర్ఘమును ఇచ్చుచున్నాడు. ఛందశ్శాస్త్రపు గురులఘువుల మాట వానికెవ్వరును చెప్పలేదు. వాని చెవియే చెప్పుచున్నది. ఇట్టి చెవితో వచ్చిన బిడ్డను పాఠశాలలో 'మాటలాడక కూర్చుండు'మని మొదటి దినముననే శాసించుచున్నాము.

ఉపాధ్యాయుడు చేయవలసినదెల్ల ఈ సహజశక్తిని ఒక్కొక్క మెట్టుగా పైకి నడిపించుటయే. ఆ మెట్లను మన పద్యవిద్య యెన్నడో కట్టి యుంచినది. మొదటిది అంత్యప్రాస. 'బడి, గుడి, తడి'. 'పిల్లి, బల్లి, చెల్లి'. 'పలక, చిలక, మొలక'. ఇందు మొదటి యక్షరము మాత్రమే మాఱును; తక్కినదెల్ల ఒకే తీరుగ నుండును. నాలుగేండ్ల శిశువునకు సయితము ఇది సుఖముగా పట్టుబడును. రెండవది మనకు స్వంతమైన ద్వితీయాక్షర ప్రాస. 'పల్లె, తల్లి, ముల్లు' అను మూడింటికిని ప్రాస కుదురును. రెండవ యక్షరమునందలి అచ్చు మూడింటను వేఱు, హల్లు మాత్రమొక్కటే. అనగా 'ల్లె, ల్లి, ల్లు' అనునవి చూపునకు మూడు గుర్తులైనను, వాని కడుపులో దాగిన ధ్వని యొక్కటియేయని బాలుని చెవికి తెలియును. గుణింతము నెల్ల బట్టీపట్టించి మనము చెప్పదలచిన రహస్యము ఇదియే కదా! మూడవది యతి. యతిమైత్రిలో 'క'కు 'కా, కై, కౌ' మిత్రములు. 'కి' మిత్రము కాదు. హల్లొక్కటియైనను చాలదు, అచ్చును కూడ వినవలయునని యతి శాసించుచున్నది. యతిని శిశువులకు శాస్త్రముగా చెప్పుమని మేమనుట లేదు. 'క' ధ్వనితో మొదలగు మాటలను చెప్పుము, 'కి' ధ్వనితో మొదలగు మాటలను చెప్పుమని యాటగా నడుపవచ్చును. అంత్యప్రాసతో నారంభించి ప్రాసమీదుగా యతి వఱకు వచ్చిన బాలుడు, అక్షరమును అచ్చుగాను హల్లుగాను విడదీయుట తానెఱుంగకయే నేర్చియుండును.

'మన భాషలో పలికినట్లే వ్రాయుదుము, వ్రాసినట్లే చదువుదుము. అక్షరములు వచ్చిన చాలును, ఈ చెవిపని దేనికి?' అని కొంద ఱడుగుదురు. పలికినట్లు వ్రాయవలెనన్నచో పలికినది సరిగా వినబడవలయును గదా. 'మెడ'కును 'మేడ'కును, 'గడి'కిని 'గడ్డి'కిని, 'అటు'నకును 'అట్టు'నకును భేదమును చెవి పట్టనిచో చేయి ఎట్లు వ్రాయును? మన బడులలో దిద్దుబాటుకు వచ్చు తప్పులలో దీర్ఘము విడుచుటయు, ఒత్తు విడుచుటయు తఱచుగా కనబడు తప్పులు. ఎఱ్ఱసిరాతో దిద్దుట వలన ఇవి తొలగవు. 'గడ్డి'కి జోడు చెప్పుమన్నప్పుడు 'బడి' యన్న బాలునకు, 'అది గడికి జోడు. గడ్డికి జోడు అడ్డి, దుడ్డి' యని నోటితో పలికించి చూపినచో ఒత్తు విలువ వానికి తెలియును. అర్థములేని జోడైనను తప్పులేదు. చెవికి కావలసినది అర్థము కాదు, ధ్వని. ఇంక మన లిపి సులభమనుటయు పూర్తిగా సత్యము కాదు. గుణింతములే నాలుగు వందలకు పైబడియున్నవి, వానిమీద ఒత్తులు. మన లిపికి తోబుట్టువైన కన్నడలిపిని నేర్చు బాలురను పరిశీలించి సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన వ్యాసమున, అక్షరములన్నియు పట్టుబడుటకు పెక్కేండ్లు పట్టుననియు, అక్షరములోని విడి ధ్వనులను గుర్తించు శక్తి మెల్లమెల్లగా గాని యేర్పడదనియు తేల్చిరి. కన్నడమున నిజమైనది తెలుగున అబద్ధము కాజాలదు. కావున ఈ యాలస్యమును తగ్గించు ఉపాయము కలిగియుండి విడుచుట వివేకము కాదు.

ఈ విషయము పాశ్చాత్యదేశములలో పరీక్షకు నిలిచినది. ఆక్సుఫర్డునందు బ్రాడ్లీ, బ్రయంట్ అను నిరువురు పండితులు ఇంకను చదువనేర్వని నాలుగైదేండ్ల బాలురు నాలుగు వందల మందికి మూడు నాలుగు మాటలు వినిపించి, అందు జోడు కుదరని మాట యేదియని యడిగిరి. నాలుగేండ్ల పాటు వారి చదువును గమనింపగా, ఆనాడు చెవి చుఱుకుగా నున్నవారే తరువాత చదువునందును వర్ణక్రమమునందును ముందుండిరి. అంతటితో తృప్తిపడక, చెవి మందముగా నున్న 65 మందిని జట్లుగా విభజించి, రెండేండ్లలో 40 పర్యాయములు శిక్షణ మిచ్చిరి. ఒక జట్టు మాటలను ధ్వనినిబట్టి కూర్చినది. ఒక జట్టు ధ్వనితోపాటు అక్షరపు బిళ్లలను గూడ పట్టినది. మఱియొక జట్టు మాటలను అర్థమునుబట్టి కూర్చినది. ఇంకొక జట్టునకు ప్రత్యేక శిక్షణమేమియు లేదు. ధ్వనిని అక్షరముతో ముడివేసి నేర్చిన జట్టు అందఱికంటె మిక్కిలి ముందంజ వేసెను. 1983లో ఈ ఫలితములు 'నేచర్' పత్రికలో వెలువడినవి. తరువాతి పరిశోధకులలో కొందఱు ప్రాసజ్ఞానము కంటె విడి ధ్వనుల జ్ఞానమే చదువునకు మఱింత సన్నిహితమని వాదించిరి. ఆ వాదము మా మాటకు విరోధము కాదు. ప్రాస గమ్యము కాదు, త్రోవ. జోడుమాటల దగ్గఱనే నిలిచిపోవు బడి పాటల బడి యగును గాని చదువుల బడి కాదు. చెవికి వినబడినది కొన్నాళ్లకు పలకపై కనబడవలయును. 'గంట, మంట, పంట' యని పలికిన నోరు, వానిని వ్రాసి చూపినప్పుడు మూడింటి తోకయు నొక్కటియేయని కనిపెట్టవలయును. ఆ క్షణమున శిశువు కన్నులలో మెఱయు వెలుగే నిజమైన అక్షరాభ్యాసము.

ఇప్పుడు మన పట్టణములలో జరుగుచున్న దేమి? మూడేండ్ల పసివానిని నర్సరీకి పంపుచున్నారు. అచ్చట వానిచేత ఆంగ్లగేయములను వల్లె వేయించుచున్నారు. ఇంటికి చుట్టములు వచ్చినప్పుడు బిడ్డను నిలువబెట్టి వానిని చెప్పించి తల్లిదండ్రులు పొంగిపోవుచున్నారు. ఆంగ్లగేయములపై మాకు ద్వేషము లేదు. తమ దేశపు శిశువులకు అవి గొప్ప విద్య. ఏలయన ఆ శిశువు లా మాటలను ముందే యెఱుంగుదురు. తెలిసిన మాటలలో తెలియని పోలికను వినుచున్నారు. మన బిడ్డకో, మాటయే తెలియదు. ఎచ్చట నొక మాట ముగిసి మఱియొకటి మొదలగునో తెలియదు. వాడు వినుచున్నది ప్రాస కాదు, మ్రోత. రామచిలుక పలుకునకును విద్యకును గల భేదమిదియే.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రాథమిక తరగతులలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టుచు ఉత్తర్వు లిచ్చుటయు, 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము వానిని కొట్టివేయుటయు పాఠకు లెఱుంగుదురు. తెలంగాణమునను 2022లో ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. మాధ్యమ వివాదమును ఈ వ్యాసమున తేల్చబూనుట లేదు. తన బిడ్డకు ఆంగ్లము రావలెనని కోరు తండ్రికి సయితము మేము చెప్పునది యొక్కటే: ఆంగ్లపు చదువునకైనను ముందు తెలుగు చెవినే సిద్ధపఱపుడు. అమెరికాలో స్పానిషు మాతృభాషగా గల మొదటి తరగతి బాలురను పరీక్షించి 1993లో ప్రకటించిన ఫలితములనుబట్టి, స్వభాషలో ధ్వనులను విడదీయగల బాలురే ఆంగ్లపదములను చదువుటలోను మేలుగా నుండిరి. చెవి యొకసారి తెఱచుకొన్నచో రెండవ భాషకును తెఱచియే యుండును. తెఱచుకొనవలసినది మాత్రము తాను ఎఱిగిన మాటలతోనే.

ఎఱిగిన మాటలనగా నింటి మాటలు. ఈ పత్రిక గ్రాంథికమున వ్రాయబడుచున్నను, శిశువునకు గ్రాంథికముతో పాఠ మారంభింపుమని యే వివేకియు చెప్పడు. శ్రీకాకుళపు బిడ్డ శ్రీకాకుళపు మాటలతోను, పాలమూరు బిడ్డ పాలమూరు మాటలతోను, చిత్తూరు బిడ్డ చిత్తూరు మాటలతోను జోళ్లు కూర్చవలయును. 'అది తప్పు, పుస్తకములో అట్లు లేదు' అని ఉపాధ్యాయుడు నోరు మూయించినచో చెవియు మూతపడును. కోయ, గోండు, సవర, లంబాడీ బిడ్డల విషయమున ఈ జాగ్రత్త మఱింత యవసరము. తెలుగువాడై యుండియు సవరభాషను నేర్చి, సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పవలెనని పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) మనకు త్రోవ చూపియే యున్నారు. ఆయన పుట్టినదినమున సభలు చేసి పుష్పమాలలు వేయుటకంటె, సవర శిశువు తన భాషలో జోడుమాట చెప్పినప్పుడు విని సంతోషించు ఉపాధ్యాయు నొక్కని నియమించుట ఆయనకు నిజమైన పూజ.

దీనికి ధనమెంత కావలయును? ఏమియు నక్కఱలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన శిశు అభివృద్ధి పథకము వలన ఊరూర అంగన్‌వాడీలు వెలసినవి. ఆఱేండ్లలోపు శిశువులు అచ్చట చేరుచున్నారు. వారికి భోజనము పెట్టునట్లే దినమునకు పావుగంట చెవికిని భోజనము పెట్టవలయును. ఒకనాడు జోడు చెప్పించుట, ఒకనాడు నాలుగు మాటలలో పొసగని దానిని పట్టించుట, ఒకనాడు చప్పట్లతో మాటను ముక్కలు చేయుట, ఒకనాడు బొమ్మలను చూపి జోళ్లుగా పేర్పించుట. జోడు ఎన్నటికిని చెప్పజాలని బిడ్డను మందబుద్ధియని ముద్ర వేయక, వినికిడి సరిగా నున్నదో లేదో వైద్యునకు చూపింపవలయును. మాట వినబడని బిడ్డకు మాట రాలేదని దండించుట క్రూరత్వము. 2020 నాటి జాతీయ విద్యావిధానము వీలైనంతవఱకు అయిదవ తరగతిదాక మాతృభాషలో బోధింపవలెనని చెప్పినది. 2021లో బయలుదేఱిన 'నిపుణ్ భారత్' మూడవ తరగతి ముగియులోపల బాలుడు చదువనేర్వవలెనని గడువు పెట్టినది. గడువులు పెట్టుట సులభము. అంగన్‌వాడీ కార్యకర్తకు ఈ పని నేర్పు శిక్షణమును తెలుగున, తెలుగు మాటలతో, తెలుగు ప్రాసతో తయారుచేయుట ప్రభుత్వముల విధి. ఆంగ్లపుస్తకమును తెనిగించి పంపినచో పనికిరాదు. ఏలయన ప్రాసకు అనువాదము లేదు.

ప్రభుత్వమును నిందించి చేతులు ముడుచుకొనుట మన కలవాటు. 1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము నెలకొల్పబడిన నాడు ప్రభుత్వము ముందు నడువలేదు, ప్రజలే నడిచిరి. నేడును పఠనమందిరములు కలవు. పెద్దలు వార్తాపత్రికలను చదివి వెడలిపోవు ఆ గదులలో, ఆదివారము సాయంకాల మొక గంట పసివారి కిచ్చుట కష్టమా? ఊరి ముసలమ్మలను పిలువుడు. లాలిపాటలు, పొడుపుకథలు, ఆటపాటలు వారి నోళ్లయందింకను బ్రదికియున్నవి. వారితోపాటు అవియు వెడలిపోకమునుపే పిల్లల చెవులయందు నాటింపుడు. తండ్రులారా, రాత్రి భోజనమువేళ చేతియందలి ఫోనును ప్రక్కకు నెట్టి, బిడ్డకొక మాట యీయుడు. వాడు దానికి జోడు తెచ్చును. మీరు మఱియొకటి యీయుడు. తెలుగు బ్రదుకవలెనని వేదికలపై నుపన్యసించుటకంటె ఆ పావుగంట తెలుగునకు మేలు చేయును. చెవిని దాటి యే భాషయు బిడ్డ హృదయమును చేరలేదు. మన భాషయు చేరబోదు.