సెప్టెంబర్ 17: ప్రశ్నల కాగితంలో లేని చరిత్ర

ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగంపై సంతకాలు పడింది 1787 సెప్టెంబర్ 17న. ఆ రోజును అక్కడ రాజ్యాంగ దినంగా, పౌరసత్వ దినంగా జరుపుతారు. ఆ వారంలో ప్రమాణం చేసే కొత్త పౌరుల వరసల్లో తెలుగువాళ్లూ ఉంటారు. తేదీ మనకూ కొత్త కాదు. 1948లో నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది ఆ రోజే (దాన్ని ఏ పేరుతో జరుపుకోవాలన్న గొడవ ఇంకా తెగలేదు, అది వేరే కథ). నిజాం ప్రజగా వరంగల్‌లో పుట్టి, ఊరు కదలకుండానే భారత పౌరుడై, ముసలితనంలో కొడుకు దగ్గరికి వెళ్లి అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టిన పెద్దాయనను మొదటి రెండుసార్లూ ఎవరూ ఏమీ అడగలేదు. మూడోసారే చరిత్ర పరీక్ష పెట్టారు.

ఆ చదువు మన ఇళ్లలో ఎలా సాగుతుందో తెలిసిందే. ప్రశ్నల కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంటుంది. అన్నం వడ్డిస్తూ కోడలు అడుగుతుంది: "మామయ్యా, సెనేటర్లు ఎంతమంది?" "వంద." "స్వాతంత్ర్య ప్రకటన రాసిందెవరు?" "జెఫర్సన్." మనవడు పక్కనుంచి ఉచ్చారణ దిద్దుతాడు. 2008 నాటి జాబితాలో ప్రశ్నలు వంద. పది అడిగితే ఆరు చెప్పాలి. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసేవారికి జాబితా 128 అయింది. ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి. బిట్లు బట్టీ పట్టడంలో మనల్ని మించినవాళ్లు లేరు కనుక గట్టెక్కుతాం.

ప్రమాణం రోజున గ్రీన్‌కార్డు ఇచ్చేయాలి. ద్వంద్వ పౌరసత్వాన్ని మన చట్టం ఒప్పుకోదు కాబట్టి భారత పాస్‌పోర్టూ వదులుకోవాలి. ఊళ్లో ఓటు పోతుంది. భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి లేదు. ఇంత వదులుకున్నవాళ్లకు తాము అందుకుంటున్నది ఎలా వచ్చిందో తెలియాలి. ఆఫ్రికా మనుషులను తెచ్చి అమ్మారన్న జవాబు ఆ వంద ప్రశ్నల్లో ఉంది. మనకు పౌరసత్వ హక్కు ఎలా దక్కిందన్నది మాత్రం లేదు.

1790 చట్టం పౌరసత్వాన్ని తెల్లజాతివారికే పరిమితం చేసింది. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. మనవాళ్లు ఎందులోనూ లేరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు భగత్‌సింగ్ థిండ్ తెల్లవాడు కాడని 1923లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఆయన తరఫు వాదన ఈ రోజు చదివితే తల దించుకోవాలి. తాను అగ్రకుల ఆర్యుణ్ణన్నారు. అమెరికావాళ్లు నల్లవారిని చూసినట్టే, పెళ్లి సంబంధాల దగ్గర భారత అగ్రకులాలు ఆదివాసులను చూస్తాయని కూడా చెప్పుకున్నారు. సముద్రం దాటించి తీసుకెళ్లిన ఆ కులగర్వం కోర్టులో చెల్లలేదు. అప్పటికే పౌరసత్వం పొందినవారివి కూడా రద్దు చేయడం మొదలైంది. అలా పౌరసత్వమూ ఆస్తీ పోగొట్టుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

1946లో భారతీయులకు పౌరసత్వ హక్కు దొరికింది, వలసకు ఏడాదికి వందమంది కోటాతో. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన ఆ పాత కోటాలను ఎత్తేసింది 1965 చట్టం. అధ్యక్షుడు జాన్సన్ ఓటు హక్కు చట్టంపై సంతకం చేసిన ఆగస్టు గడిచి రెండు నెలలైనా కాకముందే, అక్టోబర్ 3న దీనిపైనా చేశాడు. ఓటు హక్కు కోసం నడుస్తూ సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్న నల్లవారు మన వీసాల కోసం నడవలేదు. అయినా వాళ్లు లేపిన గాలిలోనే జాతి కోటాలు దేశానికి సిగ్గుచేటుగా కనబడ్డాయి. గుంటూరు, హైదరాబాద్ డాక్టర్లు 1970లలో విమానం ఎక్కింది ఆ చట్టం పుణ్యమాననే. "మేం కేవలం చదువుతో పైకొచ్చాం, వాళ్లలా కాదు" అని విందుల్లో వినబడే మాటకు ఈ తేదీలే జవాబు.

శని, ఆదివారాల్లో తెలుగు, కూచిపూడి నేర్పే సంఘాలు థిండ్ కేసుకూ సెల్మాకూ ఓ గంట కేటాయించవచ్చు. పెద్దలతో పాటు పిల్లలనూ కూర్చోబెట్టాలి. అక్కడే పుట్టారు కాబట్టి పౌరసత్వం కోసం ఆ ప్రశ్నల కాగితం చదవాల్సిన పని కూడా వాళ్లకు ఉండదు.