ఒక్క యంత్రమునకే కట్టుబడని విద్య

మన ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు పాఠమనగా నేమి? ఒక కంపెనీవారి ప్రోగ్రామును తెరచి, ఏ బొమ్మను నొక్కిన నేమి జరుగునో కంఠస్థము చేయుటయే యని పలువురు తలంచుచున్నారు. ఆ కంపెనీవారు మరుసటి యేట బొమ్మల స్థానము మార్చినచో నా చదువంతయు వ్యర్థమగును. మేము వేరొక త్రోవను కోరుచున్నాము. విద్యార్థి స్వయముగా నొక చిన్న ప్రోగ్రాము వ్రాయవలెను. అది విండోసులోను, మాక్‌లోను, లినక్సులోను నడువవలెను. దానికై వాడిన పనిముట్ల లోపలి వ్రాత యెల్లరు చదువుకొనుటకు తెరచియుండవలెను.

ఇట్టి ఓపెన్‌సోర్సు పనిముట్లు పెక్కు గలవు. వానిలో పాఠశాలకు మిక్కిలి తగినది టీకే యని మా యభిప్రాయము. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో టికిల్ అను భాషను, పిమ్మట దానికి తోడుగా తెరపై కిటికీలను, మీటలను గీయు టీకేను నిర్మించెను. పైథాన్ భాషవారు దానిని టికింటర్ అను పేర తమతో చేర్చుకొనిరి. పైథాన్ తాబేటిచేత గీతలు గీయించు పిల్లలు తమకు తెలియకయే దీనిని వాడుచున్నారు. ఆ తాబేలు నడచు తెర టీకేదే. పైథాన్‌తో వచ్చు ఐడిల్ అను వ్రాతపలకయు దీనితోనే కట్టబడినది. ఐడిల్‌లో ప్రోగ్రాము వ్రాయుచున్న బాలుడు, ఆ ఐడిల్ యెట్లు వ్రాయబడెనో తెలియగోరినచో, ఐడిల్‌లిబ్ అను ఫోల్డరును తెరచి చదువవచ్చును. వడ్రంగము నేర్చువానికి, తాను కూర్చున్న బల్లనే విప్పి చూడనిచ్చు గురువు దొరకినట్లున్నది గదా!

ఫోనులలో నడుచు ప్రోగ్రాములు నేర్పినచో జీవనోపాధి కలుగును, ఈ పాత పనిముట్లెందులకని తలిదండ్రులు కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. టీకే సాధారణముగా ఫోనులలో నడువదు. గూగుల్ వారి ఫ్లట్టరు 2018 డిసెంబరులో తొలి పూర్తి కూర్పుగా వెలువడి, 2022 నాటికి ఫోనులకును కంప్యూటరులకును గూడ చాలినదైనది, అదియు ఓపెన్‌సోర్సే. కాని దానితో ఫోనుకు ప్రోగ్రాము కట్టుటకు కావలసిన సామగ్రి యనేక గిగాబైట్లు. పాత కంప్యూటరు దానిని మోయలేదు. పైథాన్, టీకేలు చిన్న పెన్‌డ్రైవులో నిమిడిపోవును. ఇంటికి గొనిపోయి చెల్లెలికిని, పొరుగింటివారికిని నకలిచ్చినను దొంగతనము కాదు, లైసెన్సే యనుమతించుచున్నది. ఫ్లట్టరును కళాశాలలో నేర్చుకొనవచ్చును.

నేర్పు విధమును గూర్చి మాకొక పట్టుదల గలదు. వ్రాసిన యంత్రముపై నడచినంత మాత్రమున ప్రోగ్రాము పూర్తియైనదని విద్యార్థి చెప్పరాదు. ప్లేస్ అను పద్ధతితో, ఇన్ని చుక్కల దూరమున నింత వెడల్పున మీట యుండవలెనని కొలిచి పెట్టినవాడు, వేరొక యంత్రమున అక్షరముల కొలత మారగానే మీటపై మాట తెగిపోవుట చూచును. గ్రిడ్ పద్ధతిలో అడ్డు, నిలువు వరుసలుగా నమర్చినవానికి ఆ చిక్కు చాలవరకు రాదు. ఈ భేదమును పుస్తకములో చదివినవారు మరతురు. తెరపై చూచినవారు మరువరు.

అన్నిటికంటె గట్టి పరీక్ష మన తెలుగే. టీకే 8.6 కూర్పుతో, తెరపై 'విద్యార్థి' యని చూపు ప్రోగ్రాము నొకటి వ్రాయింపుడు. విండోసులో నది సరిగా గనబడును. అదే ప్రోగ్రామును, ఒక్క మాటయైనను మార్పక, లినక్సులో నడపినచో వత్తులు క్రిందికి దిగక, పొల్లు గుర్తుతో విడివిడిగా ప్రక్కన నిలుచును. కారణమేమనగా, విండోసులోను మాక్‌లోను అక్షరముల పొందికను టీకే ఆ యంత్రపు వ్యవస్థకే యప్పగించును. లినక్సులో నొక్కొక్క గుర్తును వరుసగా దింపును. క్యూటీ, జీటీకే అను నితర పనిముట్లు హార్ఫ్‌బజ్ అను ఓపెన్‌సోర్సు ప్రోగ్రాముచేత అక్షరములను పొందించుకొనుటచే, వానిలో మన లిపి లినక్సునందును చక్కగా వచ్చును. ఈ లోపము కారణముగా టీకేను త్రోసివేయుదమని మేమనము. ఆంగ్లము మాత్రమే వ్రాయు బాలునికి దొరకని పాఠము మనవానికి మొదటి వారముననే దొరకును.

మూయబడిన సామగ్రిలో లోపములు లేవా? 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను తెలుగు అక్షరపు ఒకానొక రూపము సందేశముగా రాగానే ఐఫోనులలో ప్రోగ్రాములు కూలిపోయెను. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో సరిచేసిరి. అంతవరకు, లోపలి వ్రాత వారియొద్దనే యుండుటచే, ఆ అక్షరమును పుట్టుకతో నెరిగినవారు గూడ వేచియుండవలసి వచ్చెను. టీకేలో నట్లు గాదు. దాని వ్రాతను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని నిర్మాతలకు పంపవచ్చును. అది పదవ తరగతివారిచే నగునని చెప్పము. ఆ మూలము సీ భాషలో నున్నది, కఠినమైనది. అయినను లోపమే యంత్రమున, ఏ కూర్పున, ఏ యక్షరమునకు గనబడెనో స్పష్టముగా వ్రాసి తెలుపుట వారిచే నగును. వ్యాసరచన గంటలో వెన్నెలను గూర్చి యెన్నవసారియో వ్రాయించుటకంటె నిది మేలు.

కావున ప్రయోగ పరీక్షలో, ప్రతి విద్యార్థియు తన ప్రోగ్రామును పెన్‌డ్రైవులో గొనివచ్చి, తాను వ్రాయని రెండవ కంప్యూటరుపై, తన పేరు తెలుగులో వ్రాసి నడిపి చూపవలెనని నియమింప గోరుచున్నాము. అందుకు ప్రయోగశాలలోని యంత్రములలో నొకదానిపై లినక్సు నుంచిన చాలును; టికింటరును కొన్నిచోట్ల వేరుగా చేర్చవలసి యుండును గాని, రెంటికిని సొమ్మక్కరలేదు. మార్కులలో సగము దీనికే కేటాయింపవలెను.