పాలకు దొరికిన దారి టమోటాకు దొరకదా?

శాస్త్ర సాంకేతిక విజ్ఞానం గురించి వ్యాసం రాయమంటే మనవాళ్ళు సాధారణంగా చంద్రమండలం దగ్గర మొదలుపెడతారు. అంత దూరం పోవడం నాకు చేతకాదు. నేను మా ఊరి పాలకేంద్రం దగ్గర మొదలుపెడతాను.

మాది మదనపల్లెకు బస్సులో గంట ప్రయాణం. మూడెకరాల చేను, ఒక బోరు, రెండు ఆవులు. ఆవులు పాలిస్తాయి, చేను టమోటాలిస్తుంది. రెండూ ఒకే ఇంటినుంచి ఒకే మట్టిదారిన బయటికి పోతాయి. పాలడబ్బు పదిహేను రోజులకొకసారి తప్పకుండా చేతికొస్తుంది. టమోటాకు డబ్బు వస్తుందో, లేక బాడుగ మనమే ఎదురు చెల్లించి రావలసి వస్తుందో ఆ దేవుడికి కూడా తెలియదు. ఈ తేడా ఎందుకని నేను చాలా కాలంగా ఆలోచిస్తున్నాను. డిగ్రీలో కెమిస్ట్రీ, బాటనీ చదువుతున్న కొద్దీ ఆ ప్రశ్న మరీ విడ్డూరంగా కనిపిస్తోంది. శాస్త్రం ప్రకారం చూస్తే ముందుగా చెడిపోవలసినవి పాలు గదా!

పొదుగునుంచి వచ్చిన పాలు 37, 38 డిగ్రీల వేడితో ఉంటాయి. సూక్ష్మజీవులకు అంతకన్న సుఖమైన చోటు లేదు. ఎండాకాలంలో కొన్ని గంటలు అలాగే వదిలేస్తే కాచేటప్పుడు విరిగిపోతాయి. అదే టమోటాను దోరరంగు తిరగకముందే కోసి, 13 డిగ్రీల చల్లదనంలో ఉంచితే రెండు వారాల దాకా నిలుస్తుంది. గంటల ఆయుష్షున్న సరుకు ఢిల్లీ దాకా క్షేమంగా పోతోంది. వారాల ఆయుష్షున్న సరుకు మా మండలం దాటకుండానే రోడ్డు పక్కన కుళ్ళుతోంది.

ఢిల్లీ దాకా అన్నది మాటవరసకు అన్నది కాదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. మరునాడే, మార్చి 26న, రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు ‘దూద్ దురంతో’ అనే ప్రత్యేక పాలరైలు బయలుదేరింది. ఆరు ట్యాంకర్లు, ఒక్కొక్కదానిలో 40 వేల లీటర్లు. దాదాపు 2,300 కిలోమీటర్ల దారి. దేశమంతా తలుపులు వేసుకున్న రోజుల్లో మా చిత్తూరు సీమ పాలు మాత్రం ఆగలేదు. అవే వారాల్లో మా చేలో టమోటా పండింది పండినట్టే రాలిపోయింది. లారీలు లేవు, కొనేవాడు లేడు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. పొద్దున పాలక్యాను మోసుకుపోయి ఇచ్చి రావడం, సాయంత్రం పండిన కాయను ఆవుల ముందు పోయడం, ఇదీ నా లాక్‌డౌన్ దినచర్య. (ఆవులు కూడా నాలుగు రోజుల తరువాత మొహం తిప్పుకున్నాయి లేండి.)

పాలకు ఈ దారి ఊరికే పడలేదు. గుజరాత్‌లో కైరా జిల్లా రైతులు 1946లో సహకార సంఘం పెట్టుకున్నారు. 1970లో ‘ఆపరేషన్ ఫ్లడ్’ మొదలై ఆ పద్ధతిని దేశమంతటికీ తీసుకుపోయింది. ఆ పద్ధతిలో ఉన్న సాంకేతిక విజ్ఞానాన్ని కాస్త విప్పి చూడండి. ఒక తూకం యంత్రం. వెన్నశాతం చెప్పే ఒక చిన్న పరికరం. పాలను 4 డిగ్రీలకు దించే ఒక స్టీలు తొట్టి. ఈ మూడిటిలో ఏదీ గొప్ప రహస్యం కాదు. కాని అవి ఉన్న చోటు గమనించాలి. అవి పల్లెలో ఉన్నాయి. పాలు ఊరు దాటకముందే తూకం, నాణ్యత, ధర తేలిపోతాయి. చల్లబడిన తరువాతే లారీ ఎక్కుతాయి. లారీ రెండు గంటలు ఆలస్యమైనా కొంప మునగదు.

టమోటా సంగతి చూద్దాం. మధ్యాహ్నం ఎండలో కోత. కోసిన కాయ చేలోని వేడిని కడుపులో పెట్టుకుని క్రేటులోకి దిగుతుంది. కోసినా అది బ్రతికే ఉంటుంది, శ్వాసిస్తూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ శ్వాస వేగం పెరుగుతుంది. పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువును వదులుతుంది, అది పక్క కాయను కూడా పండిస్తుంది. క్రేటులో ఒకటి మెత్తబడితే తక్కినవన్నీ తొందరపడడం అందుకే. ఈ స్థితిలో మండీకి చేరిన రైతు ఎంత బేరం ఆడగలడు? మా నాయన సరుకు వేసే మండీ పేరు ఇక్కడ రాయను. అక్కడ నూటికి పది కమీషను పట్టుకుంటారు, పైగా కొన్ని క్రేట్లు లెక్కలోకే రావు. అన్యాయమని అందరికీ తెలుసు. అయినా క్రేట్లు తిరిగి ఎత్తుకుని ఇంటికి వచ్చినవాడిని నేను చూడలేదు. రేపటికి కాయ ఉండదు గనుక ఈరోజు ఏ ధరకైనా తలవంచాలి. దళారిని తిట్టడం మన సభల్లో ఒక ఆచారం అయింది. దళారి బలమంతా కాయ మెత్తబడే వేగంలో ఉందని చెప్పినవారు తక్కువ.

ఈమధ్య ఒక సెమినారులో ఒక వక్త గారు సెల్‌ఫోను రైతు చేతిలో ఆయుధమన్నారు, ఏ మార్కెట్టులో ఏ ధరో ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చన్నారు. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ‘ఈ-నామ్’ పేరిట మార్కెట్లను కలిపే పథకం ప్రారంభించింది. దాన్ని నేను తక్కువచేయను. నిలవ ఉండే పసుపుకో, వేరుశనగకో ధర తెలియడం నిజంగా బలమే. కాని టమోటా రైతుకు? మా నాయనకు ఫోనులో కోలారు ధర, మదనపల్లె ధర రెండూ చూపించాను. ఆయన చూసి, “ఆ ఫోను రేటు చెప్తాది సరే, కాయను రెండు దినాలు ఆపుతాదా రా?” అన్నాడు. ఆ ప్రశ్నకు సెమినారులో సమాధానం లేదు. ఎదురుచూసే శక్తి లేనివాడికి ధర తెలపడం వాడి నష్టాన్ని వాడికి ముందుగా చదివి వినిపించడమే అవుతుంది.

నా అభిప్రాయం ఇది. సరఫరా గొలుసు గట్టిపడాలంటే విజ్ఞానం ముందుగా చేను గట్టుకు రావాలి, రైతుకు రెండు మూడు రోజుల గడువు సంపాదించి పెట్టాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. 2015లో నేషనల్ సెంటర్ ఫర్ కోల్డ్ చైన్ డెవలప్‌మెంట్ కోసం నాబ్‌కాన్స్ సంస్థ చేసిన అధ్యయనం చూడండి. దేశానికి సుమారు 351 లక్షల టన్నుల శీతల గిడ్డంగులు కావాలి, అప్పటికి 318 లక్షల టన్నులవి ఉన్నాయి. కొరత పదో వంతు కూడా లేదు. కాని చేల దగ్గర సరుకును ఏరి, చల్లబరిచి, సర్దే ప్యాక్‌హౌసులు 70,080 కావలసి ఉండగా అప్పటికి ఉన్నవి 249! చల్లని లారీలు 61,826 కావాలి, ఉన్నవి పదివేల లోపు. పెద్ద గిడ్డంగి కట్టాం, దాని దగ్గరికి పోయే మెట్లు కట్టలేదు. ఉన్న గిడ్డంగుల్లో కూడా ఎక్కువ భాగం ఉత్తరాది బంగాళాదుంపలవే.

అదే 2015లో లూధియానాలోని కోతానంతర పరిశోధన సంస్థ సిఫెట్ లెక్క ప్రకారం మన దేశంలో టమోటా 12.44 శాతం నష్టమవుతోంది. నూరు క్రేట్లకు పన్నెండు. దీన్ని పట్నంవాళ్ళు కూరగాయ నష్టం అనుకుంటారు. మా సీమలో అది నీళ్ళ నష్టం. వందల అడుగుల లోతునుంచి కరెంటు పెట్టి తోడిన నీటిని, ఎరువును, కూలీల చెమటను కాయగా మార్చి పారబోయడం. పర్యావరణం గురించి వక్తృత్వపు పోటీలు పెట్టేటప్పుడు ఈ పన్నెండు క్రేట్లను కూడా ఒక అంశంగా పెడితే బాగుంటుంది.

మరి గడువు సంపాదించడం ఎలా? ఖరీదైన యంత్రమే కావాలని లేదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు, మనం పూసా సంస్థ అంటామే వారు, 1980ల దశకంలోనే కరెంటు అక్కరలేని ఒక శీతల గదిని తయారుచేశారు. రెండు వరుసల ఇటుక గోడ, నడుమ మూడంగుళాల సందులో ఇసుక. ఇసుకను పూటపూటా తడపాలి. పైన తడిపిన మూత, దాని మీద పందిరి. అంతే! మన ఇంటి మట్టికుండ సూత్రమే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీల వేడిని గోడనుంచి లాక్కుంటుంది. గాలిలో తేమ ఎంత తక్కువైతే అంత చల్లదనం. అందుకే ఇది కాకినాడలో అంతగా పనిచేయదు, వేసవిలో మా రాయలసీమ పొడిగాలికి చక్కగా పనిచేస్తుంది. తడి బల్బు ఉష్ణోగ్రతకు కిందికి మాత్రం దిగదు. మామూలు గది నూరు కిలోలే పడుతుంది, మా ఒక్క కోతకే అది ఏ మూలకూ చాలదు. కాబట్టి దాన్ని పెద్దదిగా కట్టే విధానం వెతకాలి, లేదా పదిళ్ళకు కలిపి సౌరశక్తితో నడిచే ఒక శీతల గది పెట్టాలి. టమోటాకు పాలంత చలి అక్కరలేదు, పైగా 4 డిగ్రీల్లో పెడితే దెబ్బతిని రుచి పోతుంది. 13 డిగ్రీలు చాలు గనుక కరెంటు కూడా తక్కువే. మా సీమలో ఎండకేం కరువు?

గడువు చేతికొస్తే తక్కిన విజ్ఞానమంతా అప్పుడు పనికొస్తుంది. ఫోనులో ధర పనికొస్తుంది. రైలు పనికొస్తుంది. 2020 ఆగస్టు 7న మహారాష్ట్రలోని దేవ్‌లాలీ నుంచి మొదటి కిసాన్ రైలు నడిచింది, సెప్టెంబరు 9న మన అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో ఒకటి వెళ్ళింది. ఒక టన్నును రైలులో పంపడానికి లారీకన్న ఎంతో తక్కువ ఇంధనం చాలు. కాని రైలు లారీలాగా చేను దగ్గరికి రాదు, మనం పిలిచినప్పుడు రాదు. సరుకు దాని వేళకు కాచుకుని ఉండాలి. కాచుకోగల సరుకుకే రైలు.

ఇంకొక మాట. 2023 జూలైలో మదనపల్లెలో టమోటా కిలో 150 రూపాయలు దాటింది. పేపర్లలో కోటీశ్వరులైన రైతుల ఫోటోలు పడ్డాయి. అది చూసి ఊరూరా నాటారు. సెప్టెంబరుకల్లా కిలో పది రూపాయల లోపుకు పడిపోయి, కర్నూలు వైపు రోడ్ల మీద పారబోశారు. నాటిన రెండు రెండున్నర నెలలకు కోత కనుక ఇది ముందే తెలియవలసిన సంగతి. ఎవరికి తెలుసు? నర్సరీవాళ్ళకు తెలుసు! ఇప్పుడు మా వైపు ఇంట్లో నారు పోసుకునేవాళ్ళు తక్కువ, అందరూ ట్రేలలో పెంచిన నారే కొంటారు. ఏ వారం ఎన్ని లక్షల మొక్కలు అమ్ముడయ్యాయో ఆ బిల్లుపుస్తకాల్లో ఉంది. ఆ లెక్కలు కూడి వారానికొకసారి ఊరి బోర్డు మీద రాస్తే, రెండు నెలల తరువాత మార్కెట్టు ఎలా ఉంటుందో నాటకముందే ఒక అంచనా వస్తుంది. ప్రభుత్వంవారి ఈ-పంట నమోదు ఉంది, కాని అది నాటిన తరువాత రాసేది. నాటేముందు తెలిస్తేనే కదా చెయ్యి ఆగేది. దీనికి ఉపగ్రహం కూడా అక్కరలేదు, మన స్టాటిస్టిక్స్ విద్యార్థులు నలుగురు చాలు.

పాలకు సంఘం ఉంది, టమోటాకు లేదు, అసలు లోపం అదే అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే. కాని పల్లెలో తూకం యంత్రం, చలితొట్టి ఉన్నాయి గనుకనే జనం రోజూ రెండు పూటలా ఒకచోట కూడారు. ఉమ్మడి వస్తువు ఏదీ లేకుండా ఉత్త సంఘం పెడితే అది బోర్డుకే పరిమితం. మా ఊళ్ళో అలాంటి బోర్డులు రెండున్నాయి.

కాబట్టి విద్యార్థి సంఘానికి, అధ్యాపకులకు నాదొక విన్నపం. మన హాస్టలు మెస్సు వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన పది అడుగుల స్థలం ఖాళీగా ఉంది. అక్కడ ఆ ఇటుక గదిని ఒకటి కడదాం. ఇటుక, ఇసుక, గోనెపట్టాలు, మీద కొబ్బరాకుల పందిరి, ఇంతే ఖర్చు. తడి బల్బు థర్మామీటరు ఫిజిక్స్ లేబరేటరీలో ఉంది, అడిగితే ఇస్తామన్నారు. మెస్సుకు వచ్చే టమోటాలో పది కిలోలు లోపల, పది కిలోలు బయట పెట్టి, మార్చి నుంచి రోజూ తూకం, ఉష్ణోగ్రత రాద్దాం. బాగా వస్తే ఆ పుస్తకం పట్టుకుని మా ఊరికి పోతాను. రాకపోతే ఎందుకు రాలేదో వచ్చే సంవత్సరం సంచికలో రాస్తాను. పుస్తకం రాసే పని నాది. నీళ్ళు పొయ్యడానికి మాత్రం ఇద్దరు కావాలి, ఆదివారాలు ఊరికి పోనివాళ్ళయితే మంచిది.