కౌంట్ తగ్గింది, మందు ఆపొచ్చా?

బ్లడ్ క్యాన్సర్ అనగానే ఇల్లంతా కుదేలై కూర్చుంటుంది. తీరా డాక్టర్ రాసిచ్చేది రోజుకో మాత్ర. సెలైన్లు లేవు, చాలామందికి ఆస్పత్రిలో పడకా అక్కర్లేదు. ‘మాత్రే కదా, వేసుకుంటే సరి’ అని చుట్టాలు ధైర్యం చెప్పి వెళ్లిపోతారు. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే ఈ రకం బ్లడ్ క్యాన్సర్ రోగి మొదటి ఏడాది పడే అవస్థ వాళ్ల కంటికి కనపడదు. డాక్టర్లూ దాని గురించి తక్కువే మాట్లాడతారని నా ఫిర్యాదు.

మాత్ర గొప్పదే, కాదనను. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైతే పుట్టే ఒక ప్రొటీన్, తెల్లకణాలను అదేపనిగా పెంచుతుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ నేరుగా దాన్నే అడ్డుకుంటుంది. మన హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీలు చౌకగా తయారుచేయబట్టీ, 2013లో సుప్రీంకోర్టు ఆ మందు తెచ్చిన నోవార్టిస్‌కు పేటెంటు నిరాకరించబట్టీ, నెలకు లక్ష దాటే మందు మనకు వేలల్లో దొరుకుతోంది.

అయితే మొదటి వారాలు తేలిగ్గా గడవవు. పొద్దున లేచేసరికి కళ్లచుట్టూ ఉబ్బు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. కడుపులో వికారం, ఒళ్లంతా నీరసం. కొందరికి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మరీ పడిపోతే డాక్టరే కొద్దిరోజులు మందు ఆపిస్తారు. ఇవన్నీ ముందే చెబితే రోగి తట్టుకుంటాడు. చెప్పకపోతే ఇంట్లో పెద్దావిడ ‘మందు వేడి చేసింది, రెండ్రోజులు ఆపు’ అంటుంది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకెవరు చెప్పారు? ఈ మాత్ర కడుపునిండా తిని, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు, రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు ఏ పూట వేసుకోవాలో చీటీ రాసేటప్పుడే మాట్లాడుకోవాలి. లేకపోతే ఆ రోజుకి మాత్ర ఎగిరిపోతుంది.

ఒకటీ అరా మానేస్తే ఏమవుతుంది? లండన్‌లో 87 మంది రోగుల మాత్రల సీసాలకు, తెరిచినప్పుడల్లా లెక్కరాసే మూతలు బిగించి చూశారు. 2010లో వెలువడిన ఆ ఫలితాల్లో, వేసుకోవాల్సిన మాత్రల్లో 90 శాతం మించి వేసుకున్నవాళ్లకీ అంతకు తగ్గినవాళ్లకీ జబ్బు అదుపులో పొంతనే లేదు. నెలకు మూడు మాత్రలు మానేస్తేనే ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టు.

అసలు ప్రమాదం బాగున్నప్పుడే. నెలా రెండు నెలల్లో కౌంట్ మామూలుకొస్తుంది, ఉబ్బిన ప్లీహం వల్ల ఎడమ డొక్కలో ఉన్న బరువు తగ్గుతుంది, ఆకలేస్తుంది. జబ్బు పోయిందనుకుంటారు. మిగిలినదాన్ని పట్టిచ్చేది మాత్రం మూణ్ణెల్లకోసారి చేసే పీసీఆర్ పరీక్ష. అందులో జబ్బు ఎంత మిగిలిందో చెప్పే అంకె మూడో నెలకు 10 శాతానికి, ఆరో నెలకు 1కి, ఏడాదికి 0.1కి దిగాలని ఆశిస్తారు. దిగకపోతే ముందు చూడాల్సింది మాత్రలు సరిగ్గా పడుతున్నాయా లేదా అని. ఆ తర్వాతే మందు మార్చే మాట. మాత్ర ధర తగ్గింది గానీ ఈ పరీక్ష ఇంకా వేలల్లోనే ఉంది. పైగా ఊరి నుంచి పట్నానికి బస్సు చార్జీ, ఆ రోజు కూలీ. డబ్బుల్లేక పరీక్ష దాటేసేవాణ్ణి నిర్లక్ష్యమని తిట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. మాత్ర ఉచితంగా ఇచ్చే పథకాలేవైనా పరీక్షనూ కలిపే ఇవ్వాలి.

పశ్చిమ దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా పెద్దవయసులో వస్తుంది. మన దగ్గర ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. పెళ్లి సంబంధం, ఉద్యోగం, పిల్లలు అన్నీ అప్పుడే. ఇమాటినిబ్ వాడుతూ గర్భం దాల్చకూడదు. పిల్లలు కావాలనుకునే అమ్మాయికి ఆ సంగతి మొదటి చీటీతోనే చెప్పాలి. అత్తగారి ముందు కాదు, విడిగా కూర్చోబెట్టి.