ఖాళీ అరేనాలో దెబ్బ సౌండ్: మన యాప్‌లో ఆ ఆడియో ట్రాక్ ఎందుకు లేదు?

కొత్త ఇయర్‌బడ్స్ చేతికి రాగానే చాలామంది రెహమాన్ పాటో, ఏదైనా బేస్ టెస్ట్ వీడియోనో పెడతారు. నేను పెట్టేది మాత్రం ఒక ఫైట్. 2020 మే 9న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో, ఒక్క ప్రేక్షకుడు కూడా లేకుండా జరిగిన యూఎఫ్‌సీ 249. మిడ్స్ ఎంత క్లియర్‌గా ఉన్నాయో, చిన్న సౌండ్‌ని ఎంత దూరంలో చూపిస్తుందో తెలియడానికి దానికి మించిన క్లిప్ నాకు దొరకలేదు. కానీ ఈ ఆర్టికల్ ఇయర్‌బడ్స్ గురించి కాదు. ఆ రోజు మనకు వినిపించిన ఆడియోని ఆ తర్వాత మన నుంచి తీసేసుకున్నారు, దాన్ని అడగాల్సిన టైమ్ వచ్చింది అనేది నా పాయింట్.

మనకు అది మే 10, ఆదివారం పొద్దున. మెయిన్ కార్డ్ మన టైమ్‌లో ఏడున్నరకి మొదలైంది. నేను అప్పుడు బీటెక్‌లో ఉన్నాను, కాలేజీ మూసేస్తే సోమందేపల్లిలో ఇంటికొచ్చేశాను. మా ఇంట్లో మగ్గం ఉంది. మామూలు రోజుల్లో ఆ చప్పుడులో ఫోన్ స్పీకర్ ఫుల్ పెట్టినా ఏమీ వినపడదు. లాక్‌డౌన్‌లో పట్టు రాక మగ్గం ఆగింది, హైవే మీద లారీలు కూడా తక్కువే. ఊరంతా మ్యూట్‌లో పెట్టినట్టుంది. నేను ఇయర్‌ఫోన్స్ లేకుండా ఫోన్‌లో చూస్తుంటే పక్క గదిలోంచి మా నాయన గబగబా వచ్చాడు.

"యాడరా గలాటా? ఎవర్నో కొడతాండారు!"

"ఫోన్‌లో నాయనా, అమెరికాలో."

"చూసేటోళ్లే లేరు గదరా, ఎవరి కోసం కొట్టుకుంటాండారు?"

నా దగ్గర ఆన్సర్ లేదు. కానీ నాకు స్ట్రైక్ అయింది వేరే విషయం. అంతకు ముందు అదే ఫోన్‌లో, అదే స్పీకర్‌లో ఎన్నో ఫైట్లు చూశాను. ఒక్కసారి కూడా ఆయన పరుగెత్తి రాలేదు. జనం అరుపులుంటే అది టీవీ అని చెవికి తెలిసిపోతుంది. అరుపులు తీసేస్తే అది వీధిలో మనిషిని మనిషి కొడుతున్న శబ్దం.

అసలు ఆ ఈవెంట్ అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలియని వాళ్ల కోసం కొంచెం. ఏప్రిల్ 18న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జరగాల్సింది, ఖబీబ్ వర్సెస్ టోనీ ఫెర్గూసన్. కరోనా వల్ల న్యూయార్క్ కుదరలేదు, ఖబీబ్ రష్యాలో ఇరుక్కుపోయాడు, అతని ప్లేస్‌లో జస్టిన్ గేచీ వచ్చాడు. కాలిఫోర్నియాలో ఆదివాసీ తెగల భూమిలో ఉన్న ఒక కాసినోలో పెడదామనుకున్నారు, ఎందుకంటే రాష్ట్ర ప్రభుత్వం రూల్స్ అక్కడ నేరుగా వర్తించవు. చివరికి డిస్నీ, ఈఎస్‌పీఎన్ పెద్దలే ఆపమని చెప్తే ఆగింది. అప్పుడు ఫ్లోరిడా తలుపు తెరిచింది. డానా వైట్ పట్టుదల అనండి, మొండితనం అనండి.

నా అభిప్రాయం అడిగితే, ఆ తేదీకి అది జరిపి ఉండాల్సింది కాదు. ముందు రోజే రొనాల్డో 'జకారే' సౌజాకి, అతని కార్నర్ టీమ్‌లో ఇద్దరికి పాజిటివ్ వచ్చింది. యురయా హాల్‌తో అతని ఫైట్ క్యాన్సిల్ చేసి, మిగతా 22 మంది ఫైటర్లతో షో నడిపించారు. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్‌లో బగ్ దొరికినా ఆ ఒక్క ఫీచర్ తీసేసి రిలీజ్‌కి వెళ్లిపోయారు. సిస్టమ్ పని చేసింది కాబట్టే పాజిటివ్ పట్టుకున్నాం అనే వాదన వాళ్లది. అందులో కొంత నిజం ఉంది. కానీ యూఎఫ్‌సీ ఫైటర్లు ఉద్యోగులు కారు, ఫైట్ చేస్తేనే డబ్బు వచ్చే కాంట్రాక్టర్లు. అలాంటి వాళ్లకి 'ఇష్టమైతే రండి' అనడంలో ఇష్టం ఎంత ఉంటుందో ఫ్రీలాన్స్ చేసేవాళ్లెవరైనా చెప్తారు.

అయినా నేను చూశాను. అందరిలాగే.

ఇక ఆడియో సంగతికి వస్తా. మన సినిమా ఫైట్‌లో పంచ్ సౌండ్ ఫోలీ స్టూడియోలో పుడుతుంది. 'అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి' కిక్‌బాక్సింగ్ నుంచి 'లైగర్' దాకా మన చెవి ఆ పెద్ద 'ఢాం'కి అలవాటు పడింది. నిజం పంచ్ అలా ఉండదు. తడి బట్టని బండకేసి కొట్టినట్టు చిన్నగా, చదునుగా 'థప్' అంటుంది. బేస్ ఉండదు. గేచీ కాలితో ఫెర్గూసన్ పిక్క మీద కొట్టినప్పుడు వచ్చే సౌండ్ ఇంకా వేరు, చెరువు గట్టు మీద బట్టలుతికే చప్పుడుకి దగ్గర. ఆ తర్వాత ముక్కుతో గాలి వదలడం, మ్యాట్ మీద పాదం జారడం, కార్నర్‌లోంచి కోచ్ అరుపు. ఫ్రాన్సిస్ ఎన్‌గాను, రోజెన్‌స్ట్రైక్‌ని 20 సెకండ్లలో పడేశాడు. జనం ఉంటే ఆ అరేనా రూఫ్ లేచిపోయేది. ఆ రోజు మాత్రం దెబ్బలు, మనిషి పడిన చప్పుడు, కామెంటేటర్ల కేకలు, అంతే. ఆ క్లిప్ ఇప్పటికీ నాకు వణుకు పుట్టిస్తుంది.

ఇంకో విచిత్రం గ్రెగ్ హార్డీ ఫైట్‌లో జరిగింది. యోర్గన్ డి కాస్ట్రో అతని కాళ్లని తన్నుతుంటే, కామెంటరీ టేబుల్ దగ్గర డేనియల్ కార్మియర్ ఆ కిక్స్‌ని హార్డీ ఎలా బ్లాక్ చేయాలో మనకు వివరిస్తున్నాడు. అది లోపల హార్డీకి వినపడింది! విని, అలాగే చేసి, గెలిచి, తర్వాత కార్మియర్‌కి థ్యాంక్స్ చెప్పాడు. కామెంటరీ అనేది ఫైటర్‌కి చేరకూడని డేటా. మధ్యలో ఫైర్‌వాల్‌లా పని చేసింది జనం గోల ఒక్కటే అని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు. ఇది నవ్వుకునే విషయం కాదు, ఎదుటి ఫైటర్‌కి అన్యాయం కూడా.

ఇప్పుడు ఏ/బీ టెస్ట్. గ్యాడ్జెట్ రివ్యూలో మనం రెండు ఫోన్లతో ఒకే సీన్ షూట్ చేసి పక్కపక్కన పెట్టినట్టు. 2021 ఏప్రిల్ 24న యూఎఫ్‌సీ 261 జరిగింది. అదే జాక్సన్‌విల్, అదే అరేనా, అదే ముగ్గురు కామెంటేటర్లు. మారిందల్లా జనం: ఈసారి 15 వేల మందికి పైగా, హౌస్‌ఫుల్. ఆ కార్డ్‌లో కూడా యురయా హాల్ ఉన్నాడు. క్రిస్ వైడ్‌మన్ కొట్టిన మొదటి కిక్‌కే, హాల్ మోకాలు అడ్డుపెట్టడంతో వైడ్‌మన్ కాలు విరిగి వంగిపోయింది. రెండు ఈవెంట్లూ ఒకే హెడ్‌ఫోన్స్‌లో వినండి. రెండో దాంట్లో ఎనర్జీ ఉంది, ఒప్పుకుంటా. మేకల మందలో అరుపులా అంతా ఒకే ముద్దగా వినపడుతుంది, ఏ దెబ్బ గట్టిగా తగిలిందో చెవి చెప్పలేదు. జనం అరిచారు కాబట్టి గట్టిగా తగిలిందని మనం అనుకుంటాం.

ఆ ఏప్రిల్ మనకు ఎలా గడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. దేశంలో రోజుకి మూడు లక్షలకు పైగా కేసులు, ప్రతి వాట్సాప్ గ్రూప్‌లో ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుందనే మెసేజ్‌లు. మాస్కుల్లేకుండా పక్కపక్కనే కూర్చుని అరుస్తున్న అంతమందిని ఫోన్‌లో చూస్తూ నాకు ఫైట్ మీద దృష్టి నిలవలేదు. ఆ గోల విన్నప్పుడల్లా, ఇప్పటికీ, అదే గుర్తొస్తుంది.

మధ్యలో నకిలీ గోల కథ ఒకటి నడిచింది. 2020లో యూఏఈలో ఖాళీ స్టేడియాల్లో ఐపీఎల్ పెట్టి, రికార్డ్ చేసిన అరుపులు కలిపారు. వార్నర్ ఫోర్ కొడితే ఎవరూ లేని స్టేడియంలో 'హో' అని గోల. కొన్నిసార్లు క్యాచ్ డ్రాప్ అయినా అదే 'హో'. ఇంగ్లాండ్‌లో ప్రీమియర్ లీగ్‌కి ఈఏ స్పోర్ట్స్ వాళ్ల ఫిఫా గేమ్‌లోని సౌండ్స్ వాడారు. కానీ అక్కడ స్కై స్పోర్ట్స్ ఒక మంచి పని చేసింది: గోల కావాలా వద్దా అని చూసేవాడికే వదిలేసింది. (బెంగళూరులో ఒకే హోటల్‌లో ప్రేక్షకుల్లేకుండా ఆడిన ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్ గురించి కూడా రాయొచ్చు. కానీ మన తెలుగు టైటాన్స్ అట్టడుగున ఉన్న పాయింట్స్ టేబుల్ గుర్తొస్తుంది, వదిలేద్దాం.)

యూఎఫ్‌సీ మాత్రం ఆ రోజు నకిలీ గోల కలపలేదు. నాకు ఆ ఈవెంట్‌లో నచ్చిన నిర్ణయం ఇదొక్కటే.

మరి ఇప్పుడు? అరేనాలన్నీ నిండాయి. ఆ సైలెన్స్ తిరిగి రాదు, రావాలని కోరుకోవడం కూడా తప్పే. కానీ మైకులు ఎక్కడికీ పోలేదు. కేజ్ దగ్గర మైకులున్నాయి, కార్నర్ దగ్గర మైకులున్నాయి, జనం కోసం వేరే మైకులున్నాయి. ఇవన్నీ ప్రొడక్షన్ ట్రక్‌లో వేర్వేరు ఛానల్స్‌గానే వస్తాయి. అక్కడ మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి మన తరఫున నిర్ణయం తీసుకుని అన్నీ కలిపి ఒక్క ట్రాక్‌గా పంపిస్తున్నాడు.

స్ట్రీమింగ్ మీద కొంచెం పని చేసినవాళ్లకి ఇది తెలుసు: హెచ్‌ఎల్‌ఎస్‌లో ప్లేలిస్ట్ ఫైల్ ఒకటుంటుంది, అందులో ఒక్కో ఆడియో ట్రాక్‌కి ఒక్కో లైన్. మనం క్రికెట్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లీష్ కామెంటరీ మార్చుకునేది దాదాపు ఇలాగే. అక్కడ 'కేజ్ ఆడియో' అని ఇంకో లైన్ చేర్చడం పెద్ద రాకెట్ సైన్స్ కాదు. ప్లేయర్ మీరు ఎంచుకున్న ట్రాక్‌నే డౌన్‌లోడ్ చేస్తుంది కాబట్టి మీ డేటా పెరగదు. 64 కేబీపీఎస్ ట్రాక్ అనుకుంటే మూడు గంటలకి దాదాపు 86 ఎంబీ. హెచ్‌డీ వీడియో పక్కన అది లెక్కే కాదు. ఖర్చంతా అటువైపే: ఇంకో లైవ్ మిక్స్ చేసే ఇంజనీర్, ఇంకో ఎన్‌కోడ్. నాలుగు కెమెరా యాంగిల్స్ ఇస్తామని యాడ్స్ వేసే యాప్‌లకి అది భారం అంటే నేను నమ్మను.

ఈలోపు మార్కెట్ ఉల్టా దారిలో పోతోంది. సౌండ్‌బార్ కొంటే 'స్పోర్ట్స్ మోడ్' ఇస్తారు. ఆన్ చేస్తే గోల గది చుట్టూ పరుచుకుంటుంది, స్టేడియంలో ఉన్న ఫీలింగ్ అంటారు. నేను వాడిన రెండిట్లోనూ దెబ్బ సౌండ్ ఇంకా లోపలికి పోయింది. రివ్యూల్లో మనం కూడా దాన్ని 'ఇమ్మర్సివ్' అని పొగిడేస్తున్నాం.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. లైవ్‌లో కేజ్ ఆడియో ఇస్తే ఒక కోచ్ చెప్పిన ప్లాన్ ఎదుటి టీమ్ ఫోన్‌లో వింటుంది. స్ట్రీమ్ ముప్ఫై సెకండ్లు లేటుగా వస్తుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదంటాను నేను, కానీ లో-లేటెన్సీ వస్తే ఆ మాట నిలబడదు. డాక్టర్ చెక్ చేసేటప్పుడు ఫైటర్ చెప్పేది మనం వినకూడదు, అక్కడ మ్యూట్ ఉండాలి. బూతులు సరేసరి. ఇంకో మాట, మా ఫ్రెండ్ అన్నది: "ఆ సౌండ్ వింటే సగం మంది చూడటం మానేస్తారప్పా. కంపెనీ ఎందుకు ఇస్తుంది?" నిజమే కావచ్చు. కానీ సౌండ్ దాస్తేనే అమ్ముడుపోయే ప్రొడక్ట్‌లో అసలేముందో వినే హక్కు కొన్నవాడికి లేదా?

ఆ ఆదివారం మా నాయన నా వెనక నిలబడి చివరి రౌండ్ చూశాడు. ఫెర్గూసన్ ముఖం అప్పటికే గుర్తుపట్టలేనట్టుంది. పన్నెండు వరస విజయాల మనిషి, వెనక్కి తగ్గడు, పడడు. ఒక్కో దెబ్బకీ 'థప్', 'థప్'. "ఆపమని ఎవరూ చెప్పరేందిరా" అన్నాడు నాయన. కాసేపటికి, ఐదో రౌండ్ 3:39 దగ్గర, రెఫరీ హెర్బ్ డీన్ మధ్యలోకి వచ్చి ఆపాడు.

ఇయర్‌బడ్స్ టెస్ట్ చేసేటప్పుడు నేను ఎన్‌గాను క్లిప్ వరకే పెడతాను. ఆ ఐదో రౌండ్ ప్లే చేయను.